పెరట్లో వాక్కాయ, ఫాల్సా: అపోహలు - వాస్తవాలు

అపోహ: వాక్కాయ అడవి మొక్కే కదా, ఎక్కడ పాతినా కాస్తుంది.

ఎండకు ఓర్చుకుంటుంది, ఎర్రమెట్టలోనూ ఉద్దానం ఇసుకలోనూ బతుకుతుంది. వేళ్ల దగ్గర నీరు నిలిస్తే మాత్రం కుళ్లిపోతుంది. నాగావళి, వంశధార పక్కల జిగురునేలలో లోతుగా గొయ్యి తీస్తే వానాకాలంలో అదే నీళ్లతొట్టి. అక్కడ గొయ్యి వద్దు, అడుగు ఎత్తు దిబ్బ పోసి నాటాలి. మెట్టనేలలో రెండడుగుల గొయ్యి చాలు, తీసిన మట్టిలో రెండు తట్టల మాగిన గెత్తం (పశువుల ఎరువు) కలపాలి. పచ్చి గెత్తం వేస్తే లేతవేళ్లు మాడతాయి, చెదలు చేరతాయి.

అపోహ: కొమ్మ గుచ్చితే చాలు.

వాక్కాయ కొమ్మ అంత తేలిగ్గా వేరు పట్టదు. గింజతోనే సులువు, అదీ తాజాగా ఉంటేనే. నల్లగా పండిన కాయలోంచి తీసి, జిగురు కడిగి, నీడన ఆరబెట్టి, రెండుమూడు రోజుల్లోనే సంచిలో అరంగుళం లోతున వేయాలి. డబ్బాలో దాచి మరుసటేడు వేస్తే మొలవడం కష్టం. ఏడాది మొక్కను తొలకరికి నాటితే మూడో ఏట కాపు మొదలవుతుంది. తల్లిచెట్టు కాయే కావాలంటే వానాకాలంలో గాలి అంటు కట్టాలి, అంటే కొమ్మ చెట్టుమీద ఉండగానే దానికి వేరు పట్టించాలి.

అపోహ: కత్తిరిస్తే కాపు పోతుంది.

ఎప్పుడు కత్తిరించామన్నదే లెక్క. వాక్కాయ పూత కొమ్మల చివర వస్తుంది. చలికాలంలో చివర్లు నరికితే పూతనే నరికినట్టు. కాయలు కోసిన వెంటనే, వానలుండగానే, ఎండుకొమ్మలు, అడ్డకొమ్మలు తీసేయాలి. నెలకోసారి కత్తెర పెట్టే దడికి కాయలు రావడం లేదని చాలామంది వాపోతారు, ఎలా వస్తాయి? దడికైతే మూడడుగులకో మొక్క, కాయకైతే ఆరేడు అడుగుల ఎడం.

ఫాల్సా అంటే గుత్తులుగా చిన్న పుల్లటి పండ్లు కాసే పొద, దానిది పూర్తిగా వేరే పద్ధతి. అది కొత్త చిగురుమీదే కాస్తుంది. ఆకు రాలినా రాలకున్నా, సంక్రాంతి లోపు నేలనుంచి మూడడుగుల ఎత్తుకు కొట్టేయాలి. జాలిపడి వదిలేస్తే కాయ తగ్గుతుంది, ఉన్నదీ చేతికందదు. గుత్తిలో పండ్లు ఒకేసారి పండవు, రోజు విడిచి రోజు ఏరుకోవాలి. కోశాక ఒకరోజు మించి నిలవవు, సంతలో కనబడకపోవడానికి కారణమదే.

అపోహ: పాలు కారుతుంది కనుక వాక్కాయ విషం.

గన్నేరు కుటుంబమే, నిజం. కాయ మాత్రం నిక్షేపంగా తినొచ్చు. పచ్చికాయ చీల్చి, గింజ తీసి, ఉప్పునీళ్లలో వేసి కడిగితే జిగురు పోతుంది. బేకరీ కేకుమీది ఎర్ర చెర్రీ చాలాసార్లు రంగేసిన వాక్కాయే.

అపోహ: యూరియా వేస్తే బాగా కాస్తుంది.

ఆకు వస్తుంది, కాయ రాదు. ఏటా జూన్‌లో తట్టెడు గెత్తం చాలు.

ముళ్ల సంగతి మాత్రం అపోహ కాదు. పిల్లలు తిరిగే దారిపక్కన ఫాల్సా వేసి, వాక్కాయను ప్రహరీ మూలకు పంపండి.