సగం బ్లేడు, 28 మాత్రలు

మా మేనల్లుడు మాఘమాసంలో చెరువుగట్టు జాతరకు వెళ్లి తలనీలాలు ఇచ్చాడు. చెవి వెనుక చిన్న గాటు పడి రెండు చుక్కల రక్తం వచ్చింది. పసుపు అద్దుకుని గుట్ట దిగాడు కానీ, ఆ రాత్రి నుంచి ఒకటే ప్రశ్న అతన్ని పట్టుకుంది. తనకు ముందు కూర్చున్న మనిషికి వాడిన సగం బ్లేడే తనకూ వాడారా? తొమ్మిదో రోజున గొంతు మంట మొదలైంది. నల్లగొండలో పరీక్షకు వెళ్తే తెలిసినవాళ్లు చూస్తారని బస్సెక్కి హైదరాబాద్ వెళ్లాడు. అక్కడ ఒక ప్రైవేటు క్లినిక్‌లో హెచ్ఐవీ సోకకుండా 28 రోజులు వాడాల్సిన మాత్రలు రాసిచ్చారు. వారం తిరగకుండానే నాకు ఫోను చేశాడు. “మామా, తలనొప్పి, వికారం, రాత్రిళ్లు నిద్ర లేదు. నాకు వచ్చేసినట్టే.”

ఆ మూడూ ఆ మాత్రల వల్ల సాధారణంగా కలిగే ఇబ్బందులే. మందు తెచ్చిన బాధను అతను జబ్బు లక్షణంగా చదువుకున్నాడు. నన్ను ఎక్కువగా కలచివేసింది ఇదే. భయం పోవాలని మింగిన మాత్రే భయానికి సాక్ష్యంగా మారింది.

ఈ మందులు గొప్పవి, అందులో సందేహం లేదు. వైరస్ మన తెల్ల రక్తకణంలోకి దూరాక తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చుకుని, దాన్ని మన కణం జన్యువుల్లో అతికిస్తుంది. ఈ మాత్రల్లోని టెనోఫోవిర్, లామివుడిన్ అనే మందులు ఆ మార్పును అడ్డుకుంటాయి. మూడో మందు డోలుటెగ్రావిర్ అతుకును అడ్డుకుంటుంది. ఒకసారి అతుక్కుని శరీరమంతా వ్యాపించిందంటే, పూర్తిగా పెకలించే మందు ఇప్పటికీ లేదు. అందుకే వైరస్ తగిలిందనుకున్న 72 గంటల్లోపే మందు మొదలుపెట్టాలని గడువు పెట్టారు. ఎంత ముందుగా మొదలుపెడితే అంత మేలు. హెచ్ఐవీ ఉన్న రోగి రక్తంతో తడిసిన సూది గుచ్చుకున్న నర్సుకు, లైంగిక దాడికి గురైన స్త్రీకి, కండోమ్ లేకుండా కలిసిన భాగస్వామికి హెచ్ఐవీ ఉందనో ఉండే అవకాశం ఎక్కువనో తెలిసినవారికి ఇవి ప్రాణరక్షణ. వాళ్లు ఒక్క గంట కూడా ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి, మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. తొమ్మిదో రోజున, చెవి వెనుక గాటుకు మాత్రం ఇవి చేయగలిగింది ఏమీ లేదు.

ఆ గాటు వల్ల ప్రమాదం ఎంత? హెచ్ఐవీ ఉన్నవారి రక్తంతో నిండిన బోలు సూది లోతుగా గుచ్చుకున్నా, మందు వాడకపోతే వెయ్యి మందిలో సుమారు ముగ్గురికే సోకుతుంది. మన దేశంలో వయోజనుల్లో వెయ్యికి దాదాపు ఇద్దరికి హెచ్ఐవీ ఉంది. బ్లేడు గాటునూ ఆ సూదితో సమానం అనుకుని, ముందు కూర్చున్న మనిషికీ రక్తం వచ్చిందనే ఒప్పుకుని లెక్కకట్టినా, పది లక్షల్లో ఆరు. నిజానికి అంత కూడా కాదు. బ్లేడుకు సూదిలా లోపల రక్తం నిలవదు. ఆరిన రక్తంలో వైరస్ కొన్ని గంటల్లోనే తన శక్తిలో 90 నుంచి 99 శాతం పోగొట్టుకుంటుంది. పైగా క్రమం తప్పకుండా మందులు వాడుతూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా కూడా ఇతరులకు సోకదు.

మేనల్లుడు ఈ లెక్క విని తల ఊపాడు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. లెక్క బుద్ధికి ఎక్కినంత తొందరగా గుండెకు ఎక్కదు. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే అడ్రినలిన్ విడుదలై గుండె దడ, చెమట, నోరు ఎండటం, కడుపు కదలటం అన్నీ వరుసగా వస్తాయి. అతను రోజుకు పదిసార్లు మెడ కింద గడ్డలున్నాయా అని నొక్కి చూసుకునేవాడు. నొక్కగా నొక్కగా అక్కడ నొప్పి పుట్టింది. సాయంత్రం పూట అందరికీ ఒంటి వేడి కొద్దిగా పెరుగుతుంది. థర్మామీటరులో ఆ అర డిగ్రీ అతనికి జ్వరంలా కనిపించింది. హెచ్ఐవీ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతు నొప్పి, దద్దుర్లు వచ్చే మాట నిజమే. మామూలు జలుబుకూ అవే వస్తాయి. కాబట్టి లక్షణాలను బట్టి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. ఆ మాట చెప్పగలిగేది సరైన సమయంలో చేసిన రక్తపరీక్ష ఒక్కటే.

చివరికి అతన్ని ఒప్పించి నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ పరీక్ష చేసి సలహా ఇచ్చే ప్రభుత్వ కేంద్రంలో, పరీక్ష ఉచితం. 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం మన సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ఈ సంగతి తెలియకే పాలమూరు నుంచీ సూర్యాపేట నుంచీ ఎందరో గుట్టుగా దూరపు ఊళ్లు పట్టుకుని పోతున్నారు. డాక్టరు నాలుగే ప్రశ్నలు అడిగారు: తగిలిందేమిటి, ఎక్కడ తగిలింది, ఎవరిది, ఎప్పుడు? మాత్రలు ఆపేయవచ్చన్నారు. ఆపే ముందు హెపటైటిస్ బి అనే కాలేయ వైరస్ ఉందేమోనని పరీక్ష చేయించారు. ఈ మాత్రల్లో రెండు ఆ వైరస్‌ను కూడా అణచిపెడతాయి. అది ఒంట్లో ఉన్నవారు ఉన్నట్టుండి ఆపితే కాలేయం వాచే ముప్పు ఉంది. అతనికి లేదు.

హెచ్ఐవీ పరీక్షలో శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను వెతుకుతారు. అవి పుట్టడానికి వారాలు పడుతుంది. పి24 అనే వైరస్ ప్రొటీన్‌ను కూడా పట్టే ల్యాబ్ పరీక్ష 45 రోజులకు, వేలి రక్తంతో చేసే త్వరిత పరీక్ష మూడు నెలలకు నమ్మదగిన తీర్పు చెబుతాయి. మేనల్లుడికి మూడు నెలలకూ లేదనే వచ్చింది. నాలుగు రోజులు హాయిగా ఉన్నాడు. ఐదో రోజున “కిట్టు పాతదైతే?” అన్నాడు.

అప్పుడు కౌన్సెలర్ ఒక మాట చెప్పారు. మేమంతా రోజూ “నీకేం కాదు” అనడమే ఆ భయానికి మేత అవుతోందట. ఓదార్పు దొరికిన ప్రతిసారీ మెదడు ఇంకో ఓదార్పు కోరుతుంది. అందుకని థర్మామీటరు మా అక్క బీరువాలో పెట్టింది. మెడ నొక్కాలనిపించినప్పుడు పది నిమిషాలు ఆగమన్నారు, తర్వాత ఇరవై. మొదట్లో అతను అల్లాడిపోయాడు. నాకూ ఫోనులో జవాబు చెప్పకుండా ఉండటం కష్టంగా ఉండేది. అయినా ఎంత పెద్ద దడైనా కాసేపటికి తనంతట తానే దిగుతుందని ఒంటికి అనుభవం కావాలి. ఇంట్లోవాళ్ల వల్ల కాకపోతే మానసిక వైద్యులున్నారు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలిమానస్ 14416కు ఫోను చేయవచ్చు. హెచ్ఐవీ సందేహాలకు 1097 ఉంది.

ఒకరి బ్లేడు ఇంకొకరికి వాడటం వల్ల అసలు జంకాల్సింది హెపటైటిస్ బికి. ఆ వైరస్ ఒంటి బయట ఏడు రోజులైనా బతుకుతుంది, దానికి టీకా ఉంది. కొత్త బ్లేడు మన కళ్ల ముందే విప్పమని అడగడంలో మొహమాటం వద్దు. మేనల్లుడు మొదటి డోసు వేయించుకున్నాడు, నెలకు రెండోది కూడా. ఆరో నెలలో పడాల్సిన మూడోదానికి నేను తోడు వస్తానన్నాను. “వద్దులే మామా, నేనే పోయి వస్తా” అన్నాడు.