పంపు నెత్తిన గాలి బుడ్డి

మొన్న గాజువాకలో బండి కడిగించుకుంటుంటే అక్కడ పనిచేసే కుర్రాడు అడిగాడు. "మాస్టారూ, ఈ పంపు నెత్తి మీద గుండ్రంగా బుడ్డి ఉంది కదండీ, ఎందుకది? మోటారు తగలదు, పిస్టను తగలదు." వారం రోజులుగా గొట్టం చేతిలో నిలవకుండా తన్నుకుంటోందట. దిష్టి తగిలిందని మోటారుకు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టారు. దసరాకి యంత్రాలకు పసుపు, కుంకుమ పెట్టి దండం పెట్టడం నాకూ ఇష్టమే. కానీ దిష్టి అనుకున్నాక మూత విప్పి చూడాలనే ఆలోచన ఆగిపోతుంది. నా బాధ అదే.

అది రెసిప్రొకేటింగ్ పంపు, అంటే పిస్టను ముందుకీ వెనక్కీ ఆడే పంపు. పిస్టను వెనక్కి జరిగితే లోపలి వాల్వు తెరుచుకుని నీళ్లు వస్తాయి, ముందుకు తోస్తే అది మూసుకుని బయటి వాల్వు తెరుచుకుంటుంది. వాల్వులను తీసేదీ మూసేదీ నీటి ఒత్తిడే. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టెసీబియస్ ఇలాంటిది చేశాడు. ఇక్కడిదాకా అందరూ చెప్పేదే. నాకు ముచ్చటేసేది ఆ బుడ్డి.

ఒకే పిస్టను ఉన్న పంపు సగం సేపు తోస్తుంది, సగం సేపు పీలుస్తుంది. పీల్చినంతసేపూ బయటి గొట్టంలో నీళ్లు ఆగిపోవాలి, మళ్లీ కదలాలి. పిస్టన్ను ఆడించే క్రాంకు సమంగా తిరుగుతుంటే ఆ నీటి వేగం సున్నా నుంచి సగటుకు 3.14 రెట్ల దాకా ఎక్కి మళ్లీ సున్నాకు దిగుతుంది. రాపిడి వల్ల పోయే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, వేగం తారస్థాయిలో ఉన్నప్పుడు నష్టం సగటు వేగం దగ్గరి నష్టానికి 9.87 రెట్లు. తోపు మొత్తానికి కలిపి చూస్తే అందులో మూడింట రెండు వంతులు, అంటే 6.58 రెట్లు. వేగాన్ని సగటు దగ్గరే నిలిపి ఉంచగలిగితే ఆ నష్టం 1. 6.58లో 5.58 ఆదా అయింది, అంటే 84.8 శాతం. డిప్లొమా పిల్లలు ఈ 84.8ని పరీక్ష కోసం బట్టీ పడతారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కసారి బోర్డు మీద చేసి చూపిస్తే జన్మలో మరిచిపోరు.

వేగాన్ని అలా నిలిపేదే బుడ్డిలోని గాలి. పిస్టను తోసినప్పుడు ఎక్కువైన నీళ్లు బుడ్డిలోకి ఎక్కి గాలిని నొక్కుతాయి. పిస్టను పీల్చేటప్పుడు నలిగిన గాలి వ్యాకోచించి ఆ నీళ్లను గొట్టంలోకి నెడుతుంది. నీళ్లు నలగవు, గాలి నలుగుతుంది. ఒత్తిడి చూపే మీటరులో ముల్లు 20 కేజీల దగ్గర ఉంటే బుడ్డిలోని గాలి దాదాపు 21వ వంతుకు కుదించుకుపోతుంది. బుడ్డిని పిస్టను ఆడే సిలిండరుకు వీలైనంత దగ్గరగా పెడతారు. దానికీ సిలిండరుకూ మధ్య ఉన్న ముక్కలో నీళ్లు పాత పద్ధతిలోనే తన్నుకుంటాయి మరి.

ఇదే పని మన ఛాతీలోనూ జరుగుతోంది. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో బీపీ చూసి 120/80 అని రాస్తారు. గుండె కూడా నాలుగు వాల్వుల పంపే. దెబ్బకూ దెబ్బకూ మధ్య గుండె వదులైనప్పుడు, రక్తాన్ని ఒంటికి తోసే ఎడమ జఠరికలో ఒత్తిడి సున్నా దగ్గరికి పడిపోతుంది. మరి చేతిలోని ధమనిలో 80 ఎలా నిలుస్తోంది? గుండె ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం తోస్తుంది. అందులో సగానికి పైగా బృహద్ధమనిని సాగదీసి అక్కడే కాసేపు ఉంటుంది. గుండె ఆగిన ఆ అర సెకనులో సాగిన గోడ మళ్లీ ముడుచుకుంటూ ఆ రక్తాన్ని ముందుకు నెడుతుంది. 1733లో ఇంగ్లండు మతబోధకుడు స్టీఫెన్ హేల్స్ ధమనులను నాటి అగ్నిమాపక పంపుల గాలి గోళంతో పోల్చాడు. 1899లో ఒట్టో ఫ్రాంక్ దాన్ని లెక్కల్లో పెట్టాడు. డాక్టర్లు ఇప్పటికీ వాడే 'విండ్‌కెసెల్' అనే మాట గాలి బుడ్డికి జర్మన్ పేరే.

బుడ్డికి వచ్చే జబ్బే ధమనికీ వస్తుంది. ఒత్తిడిలో ఉన్న గాలి కొద్దికొద్దిగా నీళ్లలో కరిగి బయటికి పోతుంది, చివరికి బుడ్డి నిండా నీళ్లే మిగులుతాయి. అప్పుడు ప్రతి తోపూ గొట్టానికి దెబ్బలా తగులుతుంది. వయసు మీద పడ్డాక బృహద్ధమని బిరుసెక్కితే పై అంకె పెరుగుతుంది, కింది అంకె తగ్గుతుంది. 170/70 లాంటి రీడింగు వెనక ఉన్నది చాలావరకు ఈ బిరుసుతనమే.

ఊరికి నీళ్లు ఎక్కించడం లాంటి పెద్ద ప్రవాహాలకు సెంట్రిఫ్యూగల్ పంపులే మేలు. నీళ్లు కొంచెమైనా ఒత్తిడి గట్టిగా కావాలంటే ఆడే పంపు. ఫిషింగ్ హార్బరులో బోటు డీజిల్ ఇంజనులోకి ఇంధనం చిమ్మేది, గ్యాస్ సిలిండర్లను నీటి ఒత్తిడితో పరీక్షించేది, చమురు బావి తవ్వేటప్పుడు బురద దింపేది ఇవే. వీధిలో బోరింగూ ఈ కుటుంబమే. ఇండియా మార్క్ 2 అనే చేతి పంపులో సిలిండరు నీటి లోపలే ఉంటుంది కనుక, పైనుంచి పీల్చే పంపులకుండే 10 మీటర్ల హద్దు దానికి లేదు. ఒక్క జాగ్రత్త: బయటి దారి మూసేస్తే ఈ పంపు ఆగదు. ఏదో ఒకటి పగిలేదాకా ఒత్తిడి పెంచుకుంటూ పోతుంది. కార్లు కడిగే చోట గన్ను వదిలేస్తే నీళ్లు మళ్లీ డ్రమ్ములోకి పడే పైపు ఉండేది ఇందుకే.

కుర్రాడు మోటారు ఆపి, ఒత్తిడి దించి, బుడ్డి విప్పాడు. అంచుదాకా నీళ్లు. వంపేసి బిగించి మోటారు వేస్తే గొట్టం కుదురుగా నిలిచింది. వెంటనే ప్లంజర్ల గురించి, అంటే పిస్టన్లలా నీటిని తోసే కడ్డీల గురించి, ఇంకో ప్రశ్న వేశాడు. "ఇందులో మూడు ప్లంజర్లున్నాయి కదండీ, నాలుగు పెడితే ఇంకా నున్నగా వస్తుందా?"

ఇంత మంచి ప్రశ్న నన్ను క్లాసులో ఎవరూ అడగలేదు. బిల్లు వెనక గీసి చూపించాను. మూడు ప్లంజర్లు 120 డిగ్రీల తేడాతో తోస్తే మొత్తం ప్రవాహంలో హెచ్చుతగ్గులు సగటులో 14 శాతం, ఆ మిగిలిన కుదుపుకే బుడ్డి కావాలి. నాలుగు పెడితే తోపులు రెండేసి చొప్పున ఎదురెదురుగా పడి హెచ్చుతగ్గులు 32.5 శాతానికి పెరుగుతాయి. అయిదు పెడితే 5 శాతానికి దిగుతాయి. అందుకే ఇలాంటి పంపుల్లో మూడో, అయిదో కనిపిస్తాయి.