తొడ పక్కన చేతికి తగిలే బొడిపె

ప్రియమైన పిల్లలకు,

తొడ ఎముక గురించి పాఠాల్లో "శరీరంలో అన్నిటికంటే పొడవైన ఎముక" అని చెప్పి వదిలేస్తారు. నాకు మాత్రం ఆ పొడవు కన్నా దాని పైకొసన ఉండే ఒక బొడిపె చాలా ఇష్టం. దాన్ని మీరే పట్టి చూడొచ్చు.

లేచి నిలబడండి. నడుము పక్కన చేయి వేస్తే కటి ఎముక అంచు తగులుతుంది. అక్కడి నుంచి సుమారు అరచేయి వెడల్పంత కిందికి, తొడ బయటివైపు వేళ్లు నొక్కిపెట్టి, మడమ మీద పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పండి. వేళ్ల కింద గట్టిగా ఏదో కదులుతోంది కదా? అదే గ్రేటర్ ట్రోకాంటర్.

చాలామంది తుంటి కీలు అంటే ఇదే అనుకుంటారు. కాదు. కీలు ఇంకా లోపల, గజ్జ వెనక లోతుగా ఉంటుంది. తొడ ఎముక గుండ్రటి తల అక్కడ కటి ఎముక గుంటలో కూర్చుంటుంది. తల నుంచి మెడలాంటి భాగం ఏటవాలుగా బయటికి వచ్చి నిలువు ఎముకతో కలిసే చోట, బయటి మూలన ఉన్నదే మన బొడిపె. లోపలివైపు, కాస్త వెనగ్గా లెసర్ ట్రోకాంటర్ అని చిన్నది ఇంకోటి ఉంది. తొడను పైకెత్తే కండరం దాన్ని పట్టుకుని ఉంటుంది. అది చేతికి దొరకదు.

ఇప్పుడు బొడిపెకి కాస్త పైన వేళ్లు ఉంచి, ఆ వైపు కాలి మీదే నిలబడండి. అక్కడి కండరం బిగుసుకుంటుంది. అది గ్లూటియస్ మీడియస్. కటి ఎముక నుంచి దిగి, ఈ బొడిపెనే పట్టుకుంటుంది. నడిచేటప్పుడు ప్రతి అడుగులో ఒక కాలు గాల్లో ఉంటుంది, నడుము ఆ వైపుకి ఒరగబోతుంది. నేల మీదున్న కాలి వైపు కండరం లాగి ఆపుతుంది. తలుపుని బందు దగ్గర కాకుండా అంచు దగ్గర నెడితే తేలిక కదా! కీలుకి దూరంగా ఈ బొడిపె ఉండడం వల్ల కండరానికి అదే సదుపాయం. అయినా ఒంటికాలి మీద నిలబడితే తుంటి కీలు మీద పడే ఒత్తిడి శరీర బరువుకి రెండింతలు దాటుతుంది.

ఈ కండరం బలహీనపడితే నడుము ఎత్తిన కాలి వైపుకి జారుతుంది. జర్మన్ సర్జన్ ఫ్రెడరిక్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో దీన్ని వివరించాడు. ఇప్పటికీ డాక్టర్లు మనల్ని ఒంటికాలి మీద నిలబెట్టి, వెనక నుంచి చూసేది ఇందుకే.

పుట్టినప్పుడు మీ బొడిపె మెత్తని మృదులాస్థి. దాదాపు నాలుగో ఏట అందులో ఎముక మొదలవుతుంది, టీనేజ్‌లో గానీ తొడ ఎముకతో పూర్తిగా అతుక్కోదు. కాబట్టి మీలో చాలామందికి అదింకా విడి ముక్కే.

ప్రేమతో,
మీ తాతయ్య