టిటోవ్ ఒక్కడే ఎందుకు దొరికాడు?

రష్యా ఫుట్‌బాల్‌లో డోపింగ్ టాపిక్ వస్తే చాలు, యెగోర్ టిటోవ్ పేరు లాగుతారు. పాపం మనోడు ఆడిన ఆట మాత్రం ఎవరికీ గుర్తుండదు. మాస్కోలో పుట్టి, స్పార్టక్ అనే అక్కడి క్లబ్ అకాడమీలోనే పెరిగి, 1996 నుంచి 2001 దాకా వరసగా ఆరు లీగ్ టైటిల్స్ కొట్టిన టీంలో మిడ్‌ఫీల్డ్‌కి ప్రాణం లాంటోడు. 2000 నవంబర్‌లో మాస్కోలో ఆర్సెనల్‌ని 4-1తో చితక్కొట్టిన మ్యాచ్‌లో ఒక గోల్ ఇతనిదే, 2002 వరల్డ్ కప్‌లో ట్యునీషియా మీద మొదటి గోల్ కూడా.

ఇక గొడవ సంగతి. 2003 నవంబర్‌లో యూరో 2004 (యూరప్ దేశాల టోర్నీ)కి వెళ్లేందుకు ప్లేఆఫ్, రష్యాకి వేల్స్‌తో. మాస్కోలో 0-0. ఆ మ్యాచ్‌లో టిటోవ్ గ్రౌండ్‌లోకే దిగలేదు, బెంచ్ మీదే కూర్చున్నాడు, కానీ టెస్ట్ శాంపిల్ మాత్రం అతని దగ్గర తీసుకున్నారు, అందులో దొరికింది బ్రొమంటాన్. నాలుగు రోజుల తర్వాత కార్డిఫ్‌లో గంట సేపు ఆడాడు, యెవ్‌సేవ్ హెడర్‌తో రష్యా 1-0తో గెలిచి టోర్నీకి వెళ్లింది.

ఈ బ్రొమంటాన్ సోవియట్ కాలంలో తయారుచేసిన మందు, వేడిలో, అలసటలో కూడా మనిషి నిలబడేలా చేస్తుందని దాని పేరు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లోనే రష్యన్ అథ్లెట్లు దీంతో దొరికారు, కానీ అప్పటికి నిషేధిత లిస్టులో పేరు పెట్టి రాయలేదు కాబట్టి మెడల్స్ తిరిగి ఇచ్చేశారు. 2003కి ఆ సాకు లేదు.

2004 జనవరిలో యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్‌ఏ టిటోవ్‌కి ఏడాది బ్యాన్ వేసింది. 1958 తర్వాత అప్పటిదాకా పెద్ద టోర్నీ మొహం చూడని వేల్స్ ఊరుకుంటుందా, రష్యాని తీసేసి మమ్మల్ని పంపమని స్పోర్ట్స్ కోర్టు దాకా వెళ్లింది. ఇందులో రష్యా ఫుట్‌బాల్ ఫెడరేషన్ చెయ్యి ఉందనడానికి ఆధారం లేదని కేసు కొట్టేశారు. అంటే చివరికి శిక్ష పడింది ఒక్కడికే. నాకైతే ఇక్కడే మింగుడుపడదు, ఒక ప్లేయర్ ఇంట్లో కూర్చుని తనంతట తాను అలాంటి మందు మింగుతాడా, అది అతని చేతికి ఎట్లా వచ్చింది అన్నది కదా అసలు ప్రశ్న.

తిరిగొచ్చాక 2005, 2006, 2007 మూడేళ్లూ స్పార్టక్ రెండో ప్లేసే. 2008 జూలైలో ఇంకో మాస్కో క్లబ్ సీఎస్‌కేఏ చేతిలో 5-1తో ఓడిపోగానే కోచ్ చెర్చెసోవ్ ఇతన్ని పక్కన పెట్టేశాడు. తర్వాత ఖిమ్కి, ఆస్తానా క్లబ్బుల్లో ఆడాడు, అంతే.

2015లో పాత టీంమేట్ అలెనిచెవ్ స్పార్టక్ హెడ్ కోచ్ అయ్యాడు, టిటోవ్‌ని అసిస్టెంట్‌గా తెచ్చుకున్నాడు. ఫ్యాన్స్‌కి పండగే, ఇద్దరూ సొంత మనుషులు. కానీ 2016 ఆగస్టులో సైప్రస్ టీం ఏఈకే లార్నకా చేతిలో యూరోపా లీగ్ క్వాలిఫయింగ్‌లోనే ఇంటిదారి పట్టడంతో అలెనిచెవ్ వెళ్లిపోయాడు, టిటోవ్ కథ కూడా అక్కడితో అయిపోయింది. అదే స్టాఫ్‌లో కొత్తగా చేరిన ఇటలీ అసిస్టెంట్ కరేరా హెడ్ కోచ్ కుర్చీ ఎక్కి, ఆ సీజన్‌లోనే టైటిల్ కొట్టేశాడు, 2001లో టిటోవ్ ఆడిన టీం తర్వాత స్పార్టక్‌కి అదే మొదటిది.