పిల్లి, కుక్క ఉన్న ఇంట్లో బొంతలు కుట్టేవాళ్ల కోసం: అపోహలు, వాస్తవాలు

దసరా దాటిందంటే మా బొంతల గుంపులో చీటీల హడావుడి మొదలవుతుంది. ఎవరి చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్లకోసం చేత్తో ఏదో ఒకటి కుట్టి, సంక్రాంతిలోపు ఇవ్వాలి. చిన్న బొంత కావచ్చు, చేతిసంచీ కావచ్చు, వేడి గిన్నెలు దించుకునే మసిగుడ్డల జత కావచ్చు. హైదరాబాద్ తార్నాకలో ఒకరింట్లో అందరం కూర్చుని కుడతాం. చేతులు పనిలో ఉంటే నోళ్లు ఊరుకోవు కదా. ఎక్కడ మొదలైన మాటయినా చివరికి పిల్లుల దగ్గరికో కుక్కల దగ్గరికో వచ్చి ఆగుతుంది, ఎందుకంటే మాలో చాలామంది ఇళ్లలో ఏదో ఒకటి పెరుగుతోంది.

ఆ కబుర్లలో కొన్ని నమ్మకాలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు కూడా మొదట అవే అడుగుతారు. గమనిస్తే, మనం భయపడే చోట పెద్దగా ప్రమాదం ఉండదు, ప్రమాదం ఉన్న చోట మనకు భయం ఉండదు. బొంత మీద పిల్లి బొచ్చు కనబడగానే కంగారు పడతాం. సోఫా కింద పడిన జానెడు దారం మాత్రం ఎవరి కంటికీ ఆనదు.

అపోహ: పిల్లి పడుకున్న బొంత ఇంకొకరికి ఇవ్వకూడదు. దాని వెంట్రుకలు పీలిస్తే ఉబ్బసం వస్తుంది.

ఎలర్జీ ఉన్నవాళ్లకు పడనిది వెంట్రుక కాదు. పిల్లి లాలాజలంలో, చర్మంలోని నూనె గ్రంథుల్లో తయారయ్యే ఒక ప్రోటీన్. దాన్ని ఫెల్ డి 1 అంటారు. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది కాబట్టి అది వెంట్రుకలకు పట్టి, ఆరిపోయాక గాల్లోకి లేచి, గుడ్డలకూ పరుపులకూ అంటుకుంటుంది. పిల్లి ఆ ఇల్లు వదిలి వెళ్లిపోయాక కూడా నెలల తరబడి అక్కడే ఉంటుంది.

దీన్నిబట్టి రెండు విషయాలు తెలుస్తాయి. ఎలర్జీ లేనివాళ్లకు బొంత మీద ఒకటి రెండు వెంట్రుకలు ఉన్నా ఏమీ కాదు. ఎలర్జీ ఉన్నవాళ్లకైతే మనం జిగురు రోలర్‌తో ప్రతి వెంట్రుకా ఏరేసినా సరిపోదు, ఎందుకంటే అసలు సరుకు కంటికి కనిపించదు. "మా పిల్లికి బొచ్చు తక్కువండీ" అన్న మాట కూడా అందుకే చెల్లదు.

చీటీ తీసిన రోజే అడిగేయడం మంచిది. "అక్కా, మీ ఇంట్లో ఎవరికైనా పిల్లులు, కుక్కలు పడవా?" అని ఒక్క మాట అడిగితే చాలు. ఆస్తమా ఉందంటే చీటీ మార్చుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. లేదంటే నిశ్చింతగా కుట్టండి. పూర్తయిన బొంతను ఉతకడానికి ముందే, పొడిగా ఉన్నప్పుడే రబ్బరు గ్లవ్ తొడుక్కుని ఒకే వైపుకు రుద్దితే వెంట్రుకలన్నీ ఉండలు కట్టి వచ్చేస్తాయి. తడిశాక అవి కుట్ల మధ్య ఇరుక్కుంటాయి, తీయడం కష్టం. ఉతికి ఆరేశాక వెంటనే కవర్లో పెట్టి, పిల్లి ఎక్కలేని చోట దాచండి. బట్టలకు వేసే సాఫ్ట్‌నర్ మాత్రం వద్దు. అందులోని రసాయనాలు పిల్లి నోటికి, కడుపుకి హాని చేస్తాయి. తడి గుడ్డ మీద పడుకుని లేచి ఒళ్లు నాక్కుంటే అవి నేరుగా లోపలికే పోతాయి.

అపోహ: పిల్లి ఉన్న ఇంట్లో కుట్టిన బొంత సీమంతానికీ బారసాలకీ పనికిరాదు.

ఈ భయం, గర్భిణికి సోకితే కడుపులో బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి. ఆ క్రిమి సోకిన పిల్లి మలంతో బయటికొస్తుంది. వచ్చాక కూడా ఇంకొకరికి అంటుకునే దశకు చేరడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. సరిగ్గా ఉడకని మాంసం వల్ల, మట్టి అంటిన కూరగాయలు కడగకుండా తినడం వల్ల కూడా వస్తుంది. గర్భంతో ఉన్న ఆడవాళ్లు పిల్లి మలం తీయకూడదు, ఇంట్లో ఇంకెవరైనా రోజూ తీసేయాలి. ఉతికి ఆరేసిన బొంతకు దీనితో సంబంధం లేదు.

పసిపిల్లల బొంత విషయంలో అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు పక్కలో వదులుగా ఉండే బొంతలు, దుప్పట్లు ఉంచొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. ముఖం మీద పడితే ఊపిరాడదు. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి ఆడించుకునే బొంతగా ఇవ్వండి. ఆ సంగతి ఒక కాగితం మీద రాసి బొంతకు పిన్నీసుతో కాకుండా రిబ్బనుతో కట్టి ఇవ్వండి.

అపోహ: దారం ముక్క మింగినా మర్నాటికి బయటికి వచ్చేస్తుంది. కాటన్ దారమైతే కడుపులోనే కరిగిపోతుంది.

ఈ టపా రాయడానికి అసలు కారణం ఇదే. కాటన్ కూడా కరగదు. పత్తి అంటే సెల్యులోజ్, పిల్లికీ కుక్కకీ అది అరగదు. పాలిస్టర్ దారం సంగతి సరేసరి. ఒక్కోసారి చిన్న ముక్క దానంతటదే వెళ్లిపోవచ్చు, కానీ ఆ అదృష్టం మీద ఆధారపడకూడదు.

పిల్లి నాలుక మీద లోపలికి వంగిన ముళ్లుంటాయి. దారం ఒకసారి వాటికి చిక్కిందంటే ఉమ్మేయడం దానికి చేతకాదు, మింగడమే. అలా మింగేటప్పుడు ఒక కొస నాలుక మొదట్లో చుట్టుకుని ఆగిపోతుంది, మిగతాది పేగుల్లోకి దిగుతుంది. పేగు దాన్ని ముందుకు నెట్టాలని చూస్తుంది, దారం కదలదు. అప్పుడు లంగా నాడా బిగించి లాగినప్పుడు గుడ్డ కుచ్చిళ్లు పడ్డట్టు పేగు ఆ దారం మీదికి ముడుచుకుపోతుంది. పేగు కదిలినప్పుడల్లా బిగుసుకున్న దారం గోడను కోస్తూ ఉంటుంది. తెగిందంటే కడుపంతా ఇన్ఫెక్షన్. సూది కూడా ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ.

వాంతులు, తిండి మానేయడం, నీరసం, మంచం కిందో బీరువా వెనకో నక్కి ఉండటం, పొట్ట ముట్టుకుంటే అరవడం, నోట్లోంచి చొంగ కారడం: ఇవి గుర్తులు. నోట్లోంచో వెనకనుంచో దారం కొస వేలాడుతుంటే దయచేసి లాగకండి. లోపల ముడుచుకున్న పేగును మనమే కోసినవాళ్లమవుతాం. అరటిపండు పెట్టడం, ఆముదం పట్టడం, ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం, ఇవేవీ వద్దు. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ మీకు దగ్గరలో ఏదుందో ఇవాళే కనుక్కుని, నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి.

అక్కడికి వెళ్లగానే మొదట చెప్పాల్సిన మాట: "డాక్టర్ గారూ, నేను బట్టలు కుడతాను, ఇంట్లో దారాలు ఉంటాయి." ఎక్స్‌రేలో సూది స్పష్టంగా కనిపిస్తుంది, దారం మామూలుగా కనిపించదు. ఆ మాట చెబితే డాక్టర్ నాలుక కింద చూస్తారు, స్కానింగ్ చేయిస్తారు. చెప్పకపోతే అజీర్తి అనుకుని మందిచ్చి పంపే అవకాశం ఉంది. ఇందులో గంటలు కూడా విలువైనవే.

మా గుంపులో కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. కత్తిరించిన దారం కొసలు వేయడానికి ప్రతి ఒక్కరి పక్కనా మూత ఉన్న డబ్బా ఉండాలి. మూత లేని గిన్నె పనికిరాదు, పిల్లి చెయ్యి పెడుతుంది. దారం ఎక్కించిన సూదిని సోఫా చేతికో దిండుకో గుచ్చి టీ పెట్టడానికి లేవకూడదు. తోకలా వేలాడే ఆ దారమే పిల్లిని పిలుస్తుంది. బొంత మూడు పొరలూ (పై గుడ్డ, మధ్య పొర, అడుగు గుడ్డ) కలిపి పట్టడానికి గుండుసూదులు వాడం, పిన్నీసులే. ఎన్ని సూదులు తీశామో అన్నీ లెక్కపెట్టి డబ్బాలో పెట్టాకే లేస్తాం. చివర్లో ఒక అయస్కాంతాన్ని కర్రకు కట్టి నేలంతా తిప్పుతాం. జరీ పోగులు, తళతళలాడే గిఫ్ట్ రిబ్బన్లు కూడా దారం కిందికే లెక్క. బహుమతి విప్పాక ఆ రిబ్బను నేల మీద వదిలేయొద్దు.

అపోహ: బొంతల మడతల్లో కలరా ఉండలు వేయకపోతే పురుగు పట్టేస్తుంది.

బట్టలు తినే చిమ్మట పురుగుకు కావాల్సింది ఉన్ని, పట్టు. శుభ్రమైన కాటన్ దానికి ఆహారం కాదు. మన బొంతల్లో ఎక్కువ భాగం కాటనే. కాటన్‌కు వచ్చే బెడద వేరు: పాత పుస్తకాల్లో పరుగెత్తే వెండిరంగు సన్న పురుగు. అది గంజి కోసం వస్తుంది. గంజి పెట్టిన చీర ముక్కల్ని అలాగే కుట్టి బీరువాలో పెడితే దాన్ని మనమే పిలిచినట్టు. గంజి పోయేలా ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, కాటన్ సంచిలో పెట్టి, అప్పుడప్పుడూ మడతలు విప్పి ఎండ చూపిస్తే సరిపోతుంది.

కలరా ఉండల్లో ఉండేది సాధారణంగా నాఫ్తలీన్. కుక్కలకూ పిల్లులకూ అది విషం. ఎర్ర రక్తకణాల్ని, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పిల్లులు మరీ త్వరగా దెబ్బతింటాయి. మనుషుల్లో కూడా జి6పిడి అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పసిబిడ్డలకు, నాఫ్తలీన్‌లో దాచిన బట్టలు వాడటం వల్ల రక్తకణాలు పగిలిపోయి తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయించేదాకా ఎవరికీ తెలియదు. అందుకే బారసాల బొంత నాకు కలరా ఉండల వాసనతో వస్తే, దాన్ని బిడ్డ ఉన్న ఇంటికి పంపను. వాటి బదులు కర్పూరం పెడతామంటారు కొందరు. అదీ కుక్కలకు, పిల్లులకు విషమే. ఎండిన వేపాకు పల్చటి గుడ్డలో మూట కట్టి పెట్టుకోండి, ఆకు మరక బొంతకు పట్టకుండా ఉంటుంది.

అపోహ: ఎర్ర గుడ్డను రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెడితే ఇక రంగు పోదు.

జనరల్ బజార్‌లో కట్‌పీసులు కొంటుంటే కొట్టువాళ్లే ఈ సలహా ఇస్తారు. ఉప్పు పనిచేసేది అద్దకం వేసేటప్పుడు. అప్పుడది రంగును నూలు వైపు నెడుతుంది. అద్దకం అయిపోయి అంగడికి వచ్చిన గుడ్డలో అంటీ అంటనట్టు మిగిలిన రంగును ఉప్పు పట్టి ఉంచలేదు. వెనిగరూ అంతే. చేయాల్సింది ఉతకడం. నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా ఉతికి, తర్వాత తడి తెల్ల గుడ్డ ఒకటి దానిమీద వేసి ఇస్త్రీపెట్టెతో నొక్కి చూడండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే ఆ ముక్క తెల్లదాని పక్కన వద్దు. కుక్క ఉన్న ఇంటికి వెళ్లే బొంతకు ఇది మరీ ముఖ్యం. వానలో తడిసొచ్చి దానిమీద పడుకుంటుంది, నాకుతుంది, చొంగ కారుస్తుంది.

అపోహ: కుక్క పరుపే కదా, మిగిలిన పీలికలు, దారాలు అన్నీ కూరేయొచ్చు.

పరుపు చింపడం కుక్కకు ఆట. చింపితే లోపల ఉన్నదంతా నోట్లోకే. పొడుగు దారాలు, ఎలాస్టిక్, గుండీలు, జిప్పులు ఏరేసి, ఉత్త గుడ్డ ముక్కలే నింపండి. లోపల గట్టి గుడ్డతో ఒక గలేబు, పైన ఉతకడానికి వీలుగా ఇంకొకటి. లంబాడీ పని అద్దాలు, గవ్వలు, పూసలు మనుషుల దిండ్లకు ఉంచుకుందాం. నగరంలో 1992 నుంచీ పనిచేస్తున్న బ్లూ క్రాస్ లాంటి జంతు సంరక్షణ సంస్థలకు ఇవ్వాలనుకుంటే ముందు ఫోన్ చేసి వాళ్లకేం కావాలో అడగండి. రోజూ ఉతికి ఆరేసుకునేవాళ్లకు బరువైన పరుపు కంటే పల్చటి బొంతే అక్కరకొస్తుంది.

అపోహ: కుక్కలకు రంగులు కనపడవు.

నీలం, పసుపు బాగానే కనిపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చల మధ్యే తేడా తెలియదు. ముద్దుగా కుక్క కోసమే కుడుతుంటే ఆ రెండు రంగులు తీసుకోండి.

అపోహ: హైదరాబాద్ ఎండలకు కుక్కకు బొంతెందుకు?

డిసెంబరు, జనవరి రాత్రుల చలి సంగతి పక్కనపెట్టినా, మన ఇళ్లన్నీ గ్రానైటు, టైల్స్, మార్బులే. వయసొచ్చిన కుక్క గట్టినేల మీద పడుకుంటే మోచేతుల దగ్గర చర్మం మొద్దుబారి, ఒక్కోసారి పుండు పడుతుంది. కీళ్లనొప్పులుంటే లేవడమే కష్టమవుతుంది. వేసవిలో వేడి చేసేది బొంత కాదు, మనం మధ్యలో పెట్టే పాలిస్టర్ పొర, పైన వేసే ఫ్లీసు అనే మెత్తటి సింథటిక్ గుడ్డ. పాత నూలు చీరలు నాలుగైదు మడతలు వేసి, దగ్గర దగ్గరగా కుడితే గాలాడుతుంది, మెత్తగానూ ఉంటుంది. మన నాయనమ్మల బొంత సరిగ్గా ఇదే. ఎండాకాలం పక్కనే ఖాళీ నేల కూడా వదలండి, ఎక్కడ పడుకోవాలో కుక్కే చూసుకుంటుంది. కుచ్చులు, జాలర్లు వద్దు. అంచు పట్టీని మెషిన్ మీద రెండు వరసలు వేయండి, గోళ్ల తాకిడికి మొదట ఊడేది అదే.