కడుపు క్యాన్సర్: వంశం చెప్పిన మాట, జన్యువు చెప్పిన మాట

1821 మే 5న సెయింట్ హెలీనా దీవిలో నెపోలియన్ కన్నుమూశాక జరిపిన శవపరీక్షలో ఆయన జీర్ణాశయంలో క్యాన్సర్ లక్షణాలున్న పెద్ద పుండు బయటపడింది. తండ్రి కార్లో కూడా 1785లో, నలభై ఏళ్లయినా నిండకముందే, కడుపులో గడ్డతోనే మరణించాడు. తన కడుపును కోసి చూసి, అందులో ఏముందో తన కొడుక్కి తెలియజేయమని నెపోలియన్ బతికుండగానే వైద్యుణ్ని కోరాడు. అయితే ఆ నివేదికలను 2007లో తిరిగి పరిశీలించిన పాథాలజిస్టులు (కణజాలాన్ని పరిశీలించి రోగాన్ని తేల్చే వైద్యులు) దీనికి వంశదోషం కన్నా దీర్ఘకాలిక బ్యాక్టీరియా ఇన్ఫెక్షనే కారణమై ఉండవచ్చని భావించారు. ఒకే ఇంట్లో కడుపు క్యాన్సర్ పదేపదే వస్తే అది రక్తంలో దిగివచ్చిందా, లేక ఇంటిల్లిపాదీ పంచుకున్న పరిసరాల నుంచి వచ్చిందా అన్న చిక్కు అప్పటి నుంచీ ఉన్నదే.

ఈ చిక్కును విప్పే ఆధారం చాలాసార్లు బాధిత కుటుంబాల నోటనే ముందుగా వచ్చింది. 1895లో అమెరికాలోని మిషిగన్‌లో బట్టలు కుట్టే ఒక మహిళ, తన వాళ్లందరి లాగే తానూ క్యాన్సర్‌తోనే పోతానని పాథాలజిస్టు ఆల్డ్రెడ్ వార్తిన్‌తో చెప్పింది. చివరికి అలాగే జరిగింది. ఆయన ఆ మాటను కొట్టిపారేయకుండా ఆమె వంశవృక్షాన్ని గీసి 1913లో ప్రచురించాడు. ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అని పిలిచే వంశపారంపర్య దోషం కథ అక్కడే మొదలైంది. ఆ వంశంలో తొలి తరాలవారికి కడుపు క్యాన్సర్లు ఎక్కువగా వచ్చాయి, తర్వాతి తరాల్లో అవి తగ్గి పెద్దపేగు క్యాన్సర్లు పెరిగాయి. జన్యులోపం మారలేదు, చుట్టూ ఉన్న జీవన పరిస్థితులు మారాయి.

అసలు మలుపు న్యూజిలాండ్‌లో వచ్చింది. అక్కడి మూలవాసులైన మావోరీల ఒక పెద్ద కుటుంబంలో తరతరాలుగా చిన్న వయసులోనే కడుపు క్యాన్సర్ మరణాలు సంభవిస్తున్నాయని 1964లోనే వైద్య పత్రికలో నమోదైంది. మరణించిన వారిలో 14 ఏళ్ల వయసు వారు కూడా ఉన్నారు. కారణం తెలుసుకోవాలని ఆ కుటుంబమే ఒటాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలతో చేతులు కలిపింది. పారీ గిల్‌ఫర్డ్ బృందం 1998లో సీడీహెచ్1 అనే జన్యువులోని లోపమే దీనికి మూలమని ప్రకటించింది. ఈ ఘనతలో ఆ కుటుంబానికి సగభాగం దక్కాలని నేను నమ్ముతాను, ఎందుకంటే వాళ్లు నమూనాలు ఇచ్చి ఊరుకోలేదు, అసలు ప్రశ్న లేవనెత్తింది వాళ్లే.

ఈ జన్యువు ఈ-క్యాడెరిన్ అనే ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. జీర్ణాశయపు లోపలి పొరలో కణాలను ఒకదానికొకటి అంటిపెట్టుకుని ఉండేలా చేసేది ఇదే. తల్లిదండ్రుల్లో ఒకరికి లోపం ఉంటే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. ప్రతి కణంలోనూ ఈ జన్యువుకు రెండు నకళ్లుంటాయి; రెండో నకలు కూడా చెడిపోయిన కణాలు పట్టు వదిలి, గడ్డ కట్టకుండా గోడలో విడివిడిగా పాకుతాయి. అందుకే ఎండోస్కోపీలో కడుపు బాగానే కనిపించిన వారికి కూడా, ముందుజాగ్రత్తగా జీర్ణాశయం మొత్తాన్ని తొలగించాక, అందులో సూక్ష్మమైన క్యాన్సర్ మచ్చలు తరచుగా దొరికాయి. ఈ లోపం ఉన్న స్త్రీలకు లోబ్యులార్ రకం (పాల గ్రంథుల్లో మొదలయ్యే) రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువే.

ఏ నొప్పీ లేని యువతీయువకులను కడుపు తీయించుకోమనడం మాటలు కాదు. ఆ తర్వాత జీవితాంతం కొద్దికొద్దిగా తినాలి, విటమిన్ బి12 బయటి నుంచి తీసుకోవాలి. కనుక ముప్పు ఎంత అన్న అంకెకు ప్రాణమంత విలువ ఉంది. 2015 నాటి ఒక అంచనా ప్రకారం ఈ లోపం ఉన్నవారిలో 80 ఏళ్ల లోపు కడుపు క్యాన్సర్ వచ్చే అవకాశం పురుషులకు 70 శాతం, స్త్రీలకు 56 శాతం. 2019లో మరో అధ్యయనం వాటిని 42, 33 శాతాలకు తగ్గించింది. మొదట్లో మరణాలు ఎక్కువగా ఉన్న కుటుంబాలనే ఎంచి లెక్కించగా, జన్యుపరీక్షలు విస్తరించాక అంత తీవ్రమైన చరిత్ర లేని కుటుంబాలూ లెక్కలోకి వచ్చాయి. ఇప్పుడు శస్త్రచికిత్సతో పాటు, అనుభవం ఉన్న కేంద్రాల్లో ఏటా ఎండోస్కోపీ చేయించుకునే మార్గాన్ని కూడా వైద్యులు కొందరి ముందుంచుతున్నారు.

ఇంతటి బలమైన జన్యులోపాలు మొత్తం కడుపు క్యాన్సర్లలో 1 నుంచి 3 శాతానికే కారణం. మిగిలిన వాటిలో ఎక్కువ భాగానికి మూలం హెలికోబ్యాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా. సాధారణంగా చిన్నతనంలో, ఎక్కువగా ఇంట్లోవారి నుంచే సోకే ఈ సూక్ష్మజీవిని బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనుగొన్నందుకు 2005లో వారికి నోబెల్ లభించింది. 2023లో జపాన్ పరిశోధకులు ఈ రెండు పాయలనూ కలిపారు. బీఆర్‌సీఏ వంటి, డీఎన్‌ఏను బాగుచేసే జన్యువుల్లో లోపం ఉండి ఈ బ్యాక్టీరియా కూడా సోకిన వారికి 85 ఏళ్ల వయసు నాటికి ముప్పు సుమారు 45 శాతమని, లోపం లేకుండా బ్యాక్టీరియా మాత్రమే ఉన్నవారికి 14 శాతమని తేల్చారు. జన్యువును మార్చలేం గానీ, బ్యాక్టీరియాను మాత్రం యాంటీబయాటిక్స్‌తో తొలగించవచ్చు.