రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని

పిల్లలూ,

ఇమాం ఉద్యోగం కాకుండా, ఇస్లాం గురించి చదవడమే పనిగా పెట్టుకున్నవాళ్లు రోజంతా ఏం చేస్తారు తాతయ్యా అని అడిగారు కదా. ఫోన్‌లో చెబితే మధ్యలో పెట్టేస్తారు, అందుకే రాస్తున్నా.

మన హైదరాబాద్‌లో 1908లో పుట్టిన ముహమ్మద్ హమీదుల్లా గారి సంగతి చెప్తాను. ఉస్మానియాలో ఉర్దూ మీడియంలో పెద్ద చదువులు చదివి, జర్మనీలోని బాన్‌లో ఒక డాక్టరేటు, పారిస్‌లో ఇంకొకటి తెచ్చుకున్నారు. మళ్లీ ఉస్మానియాకే వచ్చి పాఠాలు చెప్పారు.

ఆయన చేసిన పని ఎలాంటిదంటే, మా నాయనమ్మకు పెళ్లిపాటలన్నీ నోటికే వచ్చేవి. వరంగల్ అత్తయ్య విని ఒక నోట్‌బుక్‌లో రాసుకుంది, కరీంనగర్ అత్తయ్య ఇంకో దాంట్లో. పెళ్లి ఎక్కడైనా ఇద్దరూ నోట్‌బుక్‌లు పట్టుకుని వచ్చి నా చరణమే అసలుదంటే నాదే అసలుదని పోట్లాడుకునేవాళ్లు. మేం పిల్లలం పందిరి కింద కూర్చుని బూందీ తింటూ ఆ తగాదా వినేవాళ్లం, పెళ్లికన్నా అదే బాగుండేది. నాయనమ్మ పోయాక ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎక్కడ కలిశాయో అది నాయనమ్మ మాటే అని తేలేది, కలవని చోట ఎవరో సొంత తెలివి కలిపారన్నమాట.

సరిగ్గా ఇదే. ప్రవక్త శిష్యుడు అబూ హురైరా చెప్పిన హదీసులను, అంటే ప్రవక్త మాటల్ని, చేతల్ని, ఆయన దగ్గర విన్న హమ్మామ్ అనే శిష్యుడు రాసిపెట్టుకున్నాడు. దాని పాత ప్రతులు బెర్లిన్‌లో ఒకటి, డమాస్కస్‌లో ఒకటి ఉంటే, హమీదుల్లా గారు పోల్చి చూసి 1953లో అచ్చు వేయించారు. అబూ హురైరా పోయిన నూట డెబ్బై ఏళ్లకు పైగా గడిచాక కన్నుమూసిన అహ్మద్ ఇబ్న్ హంబల్ అనే హదీసు పండితుడి గ్రంథంలోనూ ఆ హదీసులే ఉన్నాయి, తేడా బహు స్వల్పం. అన్ని చేతులు మారిన మాట అలా ఎలా నిలిచిందో, నాకిప్పటికీ ఆశ్చర్యమే.

1948లో సంస్థానం భారతదేశంలో కలిసే వేళకు ఆయన విదేశంలో ఉన్నారు, ఇక ఇక్కడికి వచ్చి స్థిరపడలేదు. ఏ దేశ పౌరసత్వమూ తీసుకోకుండా పారిస్‌లోనే దశాబ్దాలు గడిపి, 1959లో ఖురాన్‌కు ఫ్రెంచి అనువాదం తెచ్చారు. 2002లో అమెరికాలో పోయారు. పట్టుదల మనిషి, మీలాగా సగం లెక్క చేసి వదిలేసే రకం కాదు.

ఈసారి నాన్నతో ఉస్మానియాకు వెళ్తే ఆర్ట్స్ కాలేజీ ముందు ఫోటోలు దిగి వచ్చేయకండి. అక్కడే దాయిరతుల్ మఆరిఫ్ ఉంది, 1888 నుంచి పాత అరబీ రాతప్రతుల్ని అచ్చు వేస్తున్న సంస్థ. అక్కడి పుస్తకం ఒకటి చూపించమని అడగండి. అరబీ రాకపోయినా ఫర్వాలేదు, పేజీ అడుగున చిన్న అక్షరాలు చూడండి, ఏ ప్రతిలో ఏ మాట వేరుగా ఉందో అక్కడ రాస్తారు.

మీ తాతయ్య